సివంగి ఏరు దాటిన రోజు

కోటిరత్నం నోరు మంచిది కాదని చిలకలూరిపేట బైపాసు పక్కనున్న ఆ కోల్డు స్టోరేజీలో వాచ్‌మన్ దగ్గర్నుంచి మేస్త్రీ దాకా అందరికీ తెలుసు. ఒక మాటంటే పది తగిలించేది. అయినా పొద్దున్నే ఆటో దిగిన ఆడవాళ్ళంతా ఆమె పక్కన చోటు కోసమే కొట్టుకునేవాళ్ళు. ఎందుకంటారా? ఆ నోట్లోనే దండువాళ్ళు కాపరం ఉన్నారు మరి.

మిరపకాయల తొడిమలు తీసే పని ఎట్టాంటిదో చేసినవాళ్ళకి చెప్పక్కర్లేదు, చెయ్యనివాళ్ళకి చెప్పినా తెలియదు. ముందర ఎర్రటి గుట్ట. ముక్కుకీ మూతికీ చుట్టుకున్న పాత చీరముక్క. కాయ తియ్యి, తొడిమ తుంచు, అటు వెయ్యి, మళ్ళీ కాయ. సాయంత్రానికి చేతులు మంటెక్కిపోతాయి. పొరపాటున ఆ చేత్తో కన్ను నలిపామా, ఇక ఆ పూటకి దేవుడే దిక్కు. ఇట్టాంటి పనిలో ఎవరో ఒకరు పక్కన మాట్లాడుతూ ఉండాలి. లేకపోతే మనిషికి పిచ్చెక్కుద్ది.

కోటిరత్నం చెప్పేది ఉత్తరాది దండువాళ్ళ కథ. గుంటూరు దాటి, హైదరాబాదు దాటి, ఢిల్లీ కూడా దాటి, ఇక లారీలు పోలేని చోట మంచుకొండలున్నాయట. ఆ కొండల్లో దండువాళ్ళుంటారు. వాళ్ళకి రాజు లేడు. అందరికన్నా ముసలామె ఎవరో ఆమె చేతిలో డప్పు ఉంటది. ఆమె కొడితే యుద్ధం, ఆపితే సంధి. దూది కుక్కి కుట్టిన డేరాల్లో కాపరాలు. ఆ మంచులో వాళ్ళు బతికేది మన మిరపకాయల మీదే. గుర్రాలకి కూడా దాణాలో కారం కలిపి పెడతారు, అందుకే అవి అట్టా పరిగెడతాయి.

"తొడిమ సరిగ్గా తియ్యండే. దండువాళ్ళ గొంతుకి అడ్డం పడితే గుర్రాలేసుకుని పేట మీదకొస్తారు" అనేది కోటిరత్నం. ఆడవాళ్ళు పడీపడీ నవ్వేవాళ్ళు. నవ్వితే తుమ్ములు, తుమ్మితే మళ్ళీ నవ్వులు.

ఇక దండువాళ్ళ కట్టుబాట్లు వింటే ముచ్చటేసేది. బిడ్డ పుట్టగానే తల్లి కాలి కడియం కరిగించి, ఇనుములో కలిపి బిడ్డకి కత్తి చేయిస్తారు. వెనకనుంచి కొట్టడం తప్పు. యుద్ధానికి ముందు పగవాడికైనా సరే అన్నం పెట్టి తీరాలి, ఆకలితో ఉన్నవాడి మీద కత్తెత్తితే ఆ కత్తిని ఏట్లో పారేస్తారు. తినేటప్పుడు ఎవర్నీ తిట్టకూడదు. అబద్ధం చెప్పినవాళ్ళు నెలంతా కాలికి గజ్జె కట్టుకుని తిరగాలి. ఎవరన్నా యుద్ధంలో పోతే వాళ్ళ కత్తి తెచ్చి తల్లి కూర్చునే చోట నేలలో గుచ్చుతారు. అన్నిటికన్నా పెద్ద కట్టుబాటు ఇంకొకటుంది. ఏడ్చేవాళ్ళని ఒంటరిగా వదలకూడదు. ఏ పనిలో ఉన్నా సరే వచ్చి పక్కన కూర్చోవాలి. ఏమీ అనకూడదు, ఊరికే కూర్చోవాలి.

"ఇన్ని కట్టుబాట్లు నీకెవరు చెప్పారే?" అని షాజాదీ ఒకసారి అడిగింది. కోటిరత్నం కన్నా పెద్దది షాజాదీ. ఆ గుట్టల దగ్గర తొడిమలు తీసీతీసీ వేళ్ళు వంకరపోయిన మనిషి.

"కథకి కాళ్ళు లేవు, ముంతకి చెవులు లేవు. ఎవరు చెబితే ఏంది అక్కా, వినటానికి బాగుందా లేదా?" అని నవ్వేసింది కోటిరత్నం.

చెప్పింది ఎవరో ఆమె చెప్పలేదు. ఆ ముఠాలో ఎవరికీ తెలియదు. మీకు మాత్రం చెబుతాను, దాచుకోవాల్సిన అవసరం నాకేం లేదు.

ఆ కట్టుబాట్లన్నీ చేసింది తొమ్మిదేళ్ళ పిల్ల. పేరు హేమశ్రీ. కోటిరత్నానికి లేకలేక పుట్టిన ఒక్కగానొక్క కూతురు.

అప్పుడు కోటిరత్నం, ఆమె మొగుడు యలమందయ్య వినుకొండ అవతల పల్లెలో ఉండేవాళ్ళు. బడి లేని రోజుల్లో హేమ అమ్మతోపాటు మిరపకోతకి వచ్చేది. కొయ్యడం తక్కువ, ప్రశ్నలు ఎక్కువ. రోడ్డు మీద టిక్కీలు, అదే మిరప బస్తాలు, వేసుకుని పోయే లారీల్ని చూసి "ఇవన్నీ ఎక్కడికి పోతున్నయ్యమ్మా?" అంది ఒకరోజు. "ఉత్తరాదికి" అంది కోటిరత్నం. "అక్కడెవరుంటారు?" అంది పిల్ల. గుంటూరు యార్డు దాటి ఎరగని కోటిరత్నానికి ఉత్తరాదిన ఎవరుంటారో ఏం తెలుసు? నోటికొచ్చింది అనేసింది. "దండువాళ్ళుంటారు. కత్తులూ, గుర్రాలూ ఉంటయ్యి. నీలాంటి ప్రశ్నల పుట్టల్ని ఎత్తుకుపోతారు."

పిల్ల భయపడితేగా! ఆ మాట పట్టుకుని వదల్లేదు. తల్లి కత్తులిస్తే కూతురు కట్టుబాట్లిచ్చింది. అన్నం దగ్గర నాన్న అమ్మని తిట్టినరోజు, తినేటప్పుడు తిట్టకూడదనే కట్టుబాటు పుట్టింది. బళ్ళో పడి మోకాలు చెక్కుకుపోతే పిల్లలంతా చుట్టూ నిలబడి నవ్వారట. ఆ సాయంత్రం వచ్చి, ఏడ్చేవాళ్ళ పక్కన కూర్చోవాలని చెప్పింది. కథలో తనలాంటి పిల్ల ఒకతి కావాలంది. కోటిరత్నం కూతుర్ని కోపమొచ్చినప్పుడు సివంగీ అని తిట్టేది, ముద్దొచ్చినప్పుడూ అదే అనేది. కథలో పిల్లకి ఆ పేరే పెట్టారు. సివంగికి ఇరవై ఏళ్ళు నిండగానే ఆ కొండల కింద పారే మంచేరు దాటి యుద్ధానికి పోవాలని కూడా హేమే తీర్మానించింది. తొమ్మిదేళ్ళ పిల్లకి ఇరవై అంటే ఎంత దూరమో కదా.

చలికాలంలో జ్వరమొచ్చింది. పల్లెలో చూపించారు, తగ్గలేదు. గుంటూరు తీసుకుపోయారు. రక్తకణాలు పడిపోయాయన్నారు. అయ్యయ్యో, ఆ వరండాలో కోటిరత్నం మొక్కని దేవుడు లేడు. మంచం మీద పిల్ల చలి చలి అని ఏడ్చింది. తల్లి పక్కన కూర్చుంది, కట్టుబాటు ప్రకారం ఏమీ అనలేదు, చెయ్యి పట్టుకుంది అంతే. కాసేపటికి పిల్ల ఏడుపాపి "సివంగి ఏరు దాటిందా? తర్వాత ఏమైందమ్మా?" అంది. "పడుకో తల్లీ, రేపు చెప్తా" అంది కోటిరత్నం.

ఆ రేపు రాలేదు.

యలమందయ్య గుండెలు బాదుకుని ఏడ్చాడు. కోటిరత్నం ఏడవలేదు. శవం ఇంటికొచ్చినా, మట్టి చేసొచ్చినా, పెద్దకర్మ నాడు కూడా ఒక్క చుక్క రాల్లేదు. "కన్నకడుపేనా అది, రాయి కాకపోతే?" అన్నారు పల్లెలో. ఆమె విన్నది, పట్టించుకోలేదు. కథ చెప్పడం పూర్తికాలేదు కదా, పూర్తికాకుండా పిల్ల ఎక్కడికి పోతుంది? నవ్వకండి. మనసు పట్టుకోవడానికి ఏదో ఒక కొమ్మ కావాలి, ఆమెకి అది దొరికింది. ఆ పల్లెలో ఉండలేక మొగుడూ పెళ్ళాలు పేటకొచ్చేశారు. అతను జిన్నింగు మిల్లులో పత్తి మూటలు మోసే పనిలో చేరాడు, ఆమె తొడిమల దగ్గర చేరింది. చేరిన వారానికే దండువాళ్ళ కథ ఎత్తుకుంది.

ఇన్నేళ్ళుగా ఆ కథలో సివంగి పెరుగుతూ వచ్చింది. పది నిండాయి, పన్నెండు నిండాయి. పెద్దమనిషయినప్పుడు ఆడవాళ్ళంతా ఇళ్ళనుంచి చిమ్మిలి చేసి తెచ్చుకుని గుట్టల దగ్గర పంచుకున్నారంటే నమ్ముతారా? రోజూ సాయంత్రం ఆటో ఎక్కబోతూ "తర్వాత ఏమైంది?" అని ఎవరో ఒకరు అడిగేవాళ్ళు. "రేపు చెప్తా" అనేది కోటిరత్నం. ఆ మాట అనగలిగినన్నాళ్ళూ ఆమెకి పిల్ల ఉన్నట్టే. ఇంటికెళ్ళి వంట చేసుకునేది. యలమందయ్య ఎప్పుడన్నా హేమ పేరెత్తితే లేచి బయటికి పోయేది.

ఈ ఏడు వచ్చి పడింది అసలు చిక్కు. సివంగికి ఇరవై నిండాయి.

మొదటి కోత కాయలు కోల్డు స్టోరేజీకి వచ్చినప్పట్నుంచీ ఆడవాళ్ళు ఒకటే పోరు. "ఏరెప్పుడు దాటుద్ది?" కోటిరత్నం దాటించదు. గుర్రానికి గిట్ట నొప్పి అంది. ఏరు పొంగిందంది. డప్పు చినిగిందంది, ముసలామెకి కళ్ళు కనబడటం లేదంది. ఏరు దాటితే యుద్ధం, యుద్ధమంటే ఏదో ఒకటి తేలిపోవాలి. తేలితే కథ అయిపోద్ది. కథ అయిపోతే? ఆ తర్వాత సంగతి తలుచుకోకుండా ఇంకో గుట్ట ముందుకి లాక్కునేది.

"నీ గుర్రం గిట్ట నొప్పి సంక్రాంతికి మొదలైతే శివరాత్రికి కూడా తగ్గలా. పశువుల డాక్టర్ని పిలిపించమంటావా పిన్నీ?" అంది శ్రీదివ్య. కొత్తగా పెళ్ళై వచ్చిన పిల్ల. ఇంటర్ చదువుకుంది, గలగలా మాట్లాడుద్ది. కోటిరత్నమంటే దానికి ప్రాణం. తన క్యారేజీలో ఏ కూరుంటే అది ముందు పిన్నికి పెట్టి గానీ ముద్ద ఎత్తేది కాదు.

"నీ నోట్లో మన్ను పొయ్య, తొడిమలు తియ్యి" అంది కోటిరత్నం. అంది గానీ గొంతులో పస లేదు.

ఆ వారమే ఆమెకి దగ్గు ముదిరింది. ఘాటు గొంతులో కూర్చుంది, జ్వరం కూడా తగిలింది. కొన్నాళ్ళు పనికి రాలేకపోయింది.

ఆమె లేని ఆ గుట్టల దగ్గర ఎట్టా ఉంటుందో చూడాలి. ఎవరికీ చేతులు ఆడటం లేదు. ఉన్నట్టుండి తుమ్ములు ఎక్కువైనట్టున్నాయి. మేస్త్రీ జక్రయ్య, పైకి గదుముతూ తిరిగే మనిషి, రోజూ మూటల వెనక నిలబడి కథ వినేవాడు. అతనికి కూడా తోచలేదు.

"పాపం, పిన్ని దిగులు అదే" అంది శ్రీదివ్య. "దాటించాలని ఉంది, ఎట్టా దాటించాలో తోచటంలా. ఆ బెంగతోనే మంచం పట్టింది. మనమే దాటించేద్దాం. వచ్చేసరికి ఆమె నెత్తిన బరువు దిగిపోద్ది."

షాజాదీ వద్దంది. ఎందుకో చెప్పలేకపోయింది, వద్దు అంది అంతే. నలుగురూ కావాలంటుంటే ఒక్కదాని మాట ఎవరు వింటారు? శ్రీదివ్య మొదలుపెట్టింది. ఎంత బాగా చెప్పిందంటే, ఆ పిల్లలో అంత ఉందని ఎవరూ అనుకోలేదు. సివంగి మంచేట్లో గుర్రాన్ని దింపింది. అవతల ఒడ్డున పగవాళ్ళకి ముందు అన్నం పెట్టింది. ఒక్కతే రోజంతా నిలబడింది. పొద్దుగుంకే వేళకి నవ్వుతూ ఒరిగిపోయింది. దండువాళ్ళలో అంతకన్నా గొప్ప చావు లేదు కదా. పిన్ని కల్పించిన పిల్లకి అంతకన్నా తక్కువ ఇవ్వాలనిపించలేదు శ్రీదివ్యకి. ఆడవాళ్ళంతా ముక్కుగుడ్డలు తడిసిపోయేలా ఏడ్చారు.

అంతటితో ఆగితే బాగుండేది. కట్టుబాటు కూడా జరిపించాలనుకున్నారు. ఎండిన పత్తికంపలోంచి నిటారుగా ఉన్న కర్ర ఒకటి తెచ్చి, ఎర్ర రిబ్బను చుట్టి, కోటిరత్నం రోజూ కూర్చునే చోట, బయట కాయలు పోసే పట్టా పక్కన నేలలో గుచ్చారు. సివంగి తల్లి ఎవరో కథలో ఎప్పుడూ లేదు. "పుట్టించింది పిన్నే కదా, తల్లి ఆమే" అన్నారు. ప్రేమతోనే అన్నారు. తెలియక అన్న మాటే అయినా, నిజం సరిగ్గా దాని మీదే వచ్చి కూర్చుంది.

జ్వరం తగ్గి కోటిరత్నం వచ్చిన పొద్దున అందరూ ఆమె ముఖమే చూస్తున్నారు. ఆమె క్యారేజీ కింద పెట్టబోయి కర్రని చూసింది.

"ఎవరు పోయారు?" అంది.

"సివంగి, పిన్నీ" అంది శ్రీదివ్య, కళ్ళు మెరుస్తుండగా. "మేం దాటించేశాం. నువ్విక దిగులు పడబాక. ఎంత బాగా పోయిందనుకున్నావు!"

కోటిరత్నం క్యారేజీ అక్కడే వదిలేసింది. తర్వాత ఆ కర్ర పీకి అవతల పారేసింది. "ఎవరే చంపమంది?" అని అరిచింది. ఆ అరుపుకి గోడౌన్ లోపల హమాలీలు మూటలు దించేసి చూశారు. "ఎవత్తెవే నువ్వు చంపటానికి? పదకొండేళ్ళు మోశానే! రేపు రేపు అని చెప్పి ఒక్కో రోజు బతికించుకున్నానే! నీ చేతులు పడిపోను, నా హేమని చంపేశావు కదే!"

హేమ ఎవరో ఎవరికీ అర్థం కాలేదు. ఒక్క క్షణమే. ఆ తర్వాత అందరికీ అర్థమైంది. కడుపున బిడ్డల్ని కన్నవాళ్ళకి ఆ అరుపు విప్పి చెప్పనక్కర్లేదు. శ్రీదివ్య నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఆ చేతికున్న కారం పెదాలకి అంటి మండుతున్నా తియ్యలేదు.

కోటిరత్నం గేటు వైపు నడిచింది. అక్కడ టిక్కీలు నింపుకుని, తాళ్ళు బిగించుకుని, ఉత్తరాదికి బయలుదేరబోతున్న లారీ ఉంది. దాని నీడలో నేల మీద కూలబడింది. డ్రైవరు హారన్ కొట్టబోయి ఆమె ముఖం చూసి ఆగిపోయాడు.

ముందు షాజాదీ వచ్చింది. మోకాళ్ళ నొప్పులతో వంగలేని మనిషి, నేలమీద చెయ్యి ఆనించి మెల్లిగా ఆమె పక్కన కూర్చుంది. ఏమీ అనలేదు. ఆ వెనక ఇంకొకామె వచ్చింది. ఆమె వెనక ఇద్దరు. చూస్తుండగానే గుట్టలన్నీ వదిలేసి ముఠా అంతా లారీ చుట్టూ కూర్చుంది. ఆఖరున శ్రీదివ్య వచ్చి అందరికన్నా దూరంగా, తల దించుకుని కూర్చుంది.

"ఏందమ్మా ఇది? లోడు ఆగిపోయింది, కాయ అట్టాగే పడుంది!" అంటూ జక్రయ్య పరిగెత్తుకొచ్చాడు.

"కట్టుబాటు మేస్త్రీ" అంది షాజాదీ.

జక్రయ్య అక్కడే ఆగాడు. ఇన్నేళ్ళు మూటల చాటున విన్నవాడు, అతనికి తెలియని కట్టుబాటా? చెప్పులు విడిచి, గేటు పక్కన గొంతుక్కూర్చున్నాడు.

అప్పుడు ఏడ్చింది కోటిరత్నం. గుంటూరు ఆసుపత్రిలో ఏడవాల్సింది, వినుకొండ అవతల మట్టి దగ్గర ఏడవాల్సింది, అంతా అక్కడ ఏడ్చింది. నేల మీద పడి ఏడ్చింది. ఎవరూ ఊరుకోమనలేదు. నీళ్ళు తాగమని కూడా అనలేదు. ఎండ లారీ నీడని దాటి వాళ్ళ మీదికొచ్చినా ఒక్కరూ లేవలేదు.

ఏడ్చి ఏడ్చి, కొంగుతో ముఖం తుడుచుకుని "దివ్యా, ఇటు రావే" అంది. ఆ పిల్ల లేచి వచ్చింది.

"ఆఖర్న నవ్వుతూ పోయిందన్నావా?"

"అన్నాను పిన్నీ. తెలియక..."

"నవ్వలేదే. చలేస్తందని ఏడ్చింది. వాళ్ళమ్మ పక్కనే కూర్చుంది. ఏడుపాపినాక, తర్వాత ఏమైందని అడిగింది." కోటిరత్నం శ్రీదివ్య చెయ్యి పట్టుకుంది. "ఏరు దాటిందని చెప్పలేకపోయానే ఆ పూట. అదొక్కటీ నువ్వు బాగా చెప్పావు. బాగా దాటించావు."

శ్రీదివ్య ఆమె ఒళ్ళో తల పెట్టి భోరుమంది. ఈసారి పక్కన కూర్చోవడం కోటిరత్నం వంతయింది.

మధ్యాహ్నం పోయాక లేచి అందరూ గుట్టల దగ్గరికెళ్ళారు. కాయలు కాయల్లానే ఉన్నాయి, తుమ్ములు తుమ్ముల్లానే వచ్చాయి. ఆ సాయంత్రం ఆటో ఎక్కేటప్పుడు "తర్వాత ఏమైంది?" అని ఎవరూ అడగలేదు. కోటిరత్నం కూడా "రేపు చెప్తా" అనలేదు. ఆటో దారి పొడుగునా ఎవరన్నా ఆ ప్రశ్న అడుగుతారని ఎదురుచూసినట్టే కూర్చుంది.

ఇంటికెళ్ళేసరికి యలమందయ్య మిల్లు నుంచి వచ్చి, తలలో ఇరుక్కున్న పత్తి దులుపుకుంటున్నాడు. ఆమె గడప దాటి లోపలికి రాలేదు. అక్కడే గడప మీద కూర్చుంది.

"మావా, మన హేమ పోయింది" అంది.

అప్పుడే తెలిసిన కబురు చెప్పినట్టు చెప్పింది. ఎప్పుడో పోయింది కదే అని అతను అనొచ్చు. అనలేదు. చేతిలోని తువ్వాలు కింద పెట్టి, వచ్చి ఆమె పక్కన గడప మీద కూర్చున్నాడు. ఏమీ అనలేదు.